మధ్య గిన్నె

మధ్యాహ్నపు పడవలో ఉత్తరం వచ్చే వేళకు దోబ్రిల మోకాళ్ళ లోతు సముద్రంలో నిలబడి ఆ ఏటి తొలి ఆలివ్ సంచులను నీళ్ళలోకి దించుతోంది. పద్నాలుగు గోనె సంచులు. ఒక్కొక్క సంచికీ మెడ దగ్గర తాడు, తాడు రెండో కొస రేవు గట్టు మీది ఇనుప కొక్కేనికి. భర్త విస్కో సంచి మూతి పట్టుకుంటే ఆమె అడుగు పట్టుకుంది. సంచి మునిగినప్పుడల్లా లోపలి గాలి బుడబుడమంటూ పైకి వచ్చేది. ఆ చప్పుడు ఆగాక ఆమె వంగి నీటిని వాసన చూసేది. అప్పుడే దింపిన కాయల దగ్గర ఉప్పునీటి వాసన తప్ప ఇంకేముంటుందని విస్కో ఏనాడూ అడగలేదు. ఆ ఇంట్లో వాసన చూడడం ఆమె పని. నలభై ఒక్క ఏళ్ళుగా ఆమెదే.

ఆ అఖాతం చుట్టూ ఉన్న పెద్ద ఇళ్ళల్లో ప్రతి ఇంటికీ ఒక ముక్కు ఉంటుంది. ముక్కు అంటే మనిషే. ద్రాక్ష ఏ రోజు కోయాలి, వైన్‌ను మడ్డి మీదనుంచి ఎప్పుడు వేరే పీపాలోకి మార్చాలి, సముద్రంలో నానుతున్న ఆలివ్‌లను ఏ రోజు ఎత్తి గానుగకు పంపాలి అని చెప్పే మనిషి. మగవాళ్ళు రాతి గోడలు పేర్చవచ్చు, కొమ్మలు కత్తిరించవచ్చు, పడవ నడపవచ్చు. మాట మాత్రం ముక్కుదే. అత్తగారు పెరీన ఆ పెత్తనాన్ని దోబ్రిల చేతుల్లో పెట్టింది పెళ్ళయిన వారానికే. ఆ ముచ్చట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్త కోడలి ముందు పెరీన మూడు గిన్నెల్లో మూడు రకాల నూనె పోసి పెట్టిందనీ, కొండ మీదనుంచి వచ్చిన మేకలవాడి కూతురు ఏమాత్రం తడబడకుండా ఈ ఇంటి నూనె గిన్నెను చూపించిందనీ, అది చూసి పెరీన తన నడుముకున్న కొట్టుగది తాళంచెవి తీసి ఆమె నడుముకు కట్టిందనీ.

దోబ్రిల పుట్టిన పల్లె కొండ మీద ఉంది. తండ్రి లూక్షాకు మేకలు కాక, రాళ్ళ సందుల్లో తొమ్మిది ఆలివ్ చెట్లు ఉండేవి. కాయలు అంత తక్కువ కావడంవల్ల గానుగలో వంతు కోసం కాచుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. పగలు కోసినవి సాయంత్రానికల్లా వాకిట్లోని రోట్లో దంచి, గుడ్డలో వేసి పిండి, పైకి తేలిన పచ్చని నూనెను గరిటెతో తీసేవాడు. కింది ఇళ్ళవాళ్ళకు వందల చెట్లు. ఊరంతటికీ ఒకటే గానుగ, దాన్ని తిప్పడానికి ఒకటే కంచరగాడిద. వంతు రావడానికి నెల పట్టేది. అందాకా కాయలు పాడవకుండా సముద్రంలో నానబెట్టేవారు. అలా నానిన కాయల నూనెకు బరువైన, కాస్త తీపి కలిసిన, తడి గోనెను తలపించే వాసన పట్టేది. తరతరాలుగా కలిగిన ఇళ్ళ నూనె వాసన అదే. తరవాత గాడిద చచ్చిపోయింది, కరెంటు గానుగ వచ్చింది, వంతుల బాధ తీరింది. నానబెట్టడం మాత్రం పోలేదు. కారణం చచ్చిపోయాక అలవాటుకు గౌరవం ఇంకా పెరుగుతుంది కాబోలు. ఎందుకు నానబెడుతున్నామని అడిగినవాడు ఆ ఇంట్లో పుట్టలేదు.

అలాగని దోబ్రిల కళ్ళు మూసుకుని పాత దారిలో నడిచిన మనిషి కాదు. మందు చల్లితే గడ్డి చస్తుందని సహకార సంఘంవాళ్ళు డబ్బాలు పంచిన ఏడు, ఆమె తన వంతు డబ్బాలు తిప్పి పంపింది. ద్రాక్ష వరసల మధ్య చిక్కుడు చల్లి, పూతకు రాగానే నేలలో కలిపి దున్నించింది. కోత అయ్యాక గొర్రెలను వదిలేది. గడ్డి అవే చూసుకునేవి. ఆలివ్ ఈగను పట్టడానికి ఉప్పు చేపల తలలు వేసిన సీసాలు కొమ్మలకు వేలాడదీసేది. పిండిన ద్రాక్ష పిప్పి మళ్ళీ ద్రాక్ష వేళ్ళకే చేరేది. వాటిలో కొన్ని నష్టమే తెచ్చాయి. ఒక ఏడు గొర్రెలు లేత చిగుళ్ళు మేసేసి వందకు పైగా తీగలను మోడు చేశాయి. అయినా ముప్ఫై ఏళ్ళ తరవాత, పక్కవాళ్ళ మట్టి వానకు కొట్టుకుపోయి సముద్రం ఎర్రబడినప్పుడు, ఈ ఇంటి మెట్ల పొలాల కింద నీళ్ళు తేటగానే ఉన్నాయి. దాన్ని ఎవరూ పొగడలేదు. చూశారు, అంతే.

ఉత్తరం సంగతి కోడలు నీవెస్‌తో మొదలైంది. నీవెస్ అవతలి ఒడ్డు పిల్ల, వ్యవసాయ బడిలో ఆలివ్ గురించే చదివింది. ఈ ఇంటి వైన్ కొనే నగరపు భోజనశాల యజమాని, నూనె కూడా తీసుకుంటాను గానీ రుచి చూసే సంఘం కాగితం కావాలన్నాడు. వేసవిలో నీవెస్ వైన్ ఒక సీసా, నూనె ఒక సీసా పంపింది. నూనె సీసాను దోబ్రిలే స్వయంగా నింపింది. నాలుగు రోజుల కిందట ఆ ఏటి కోత మొదలవుతుండగా, ఈసారి కాయలను సముద్రంలో వేయకుండా కోసిన రోజే గానుగ ఆడిద్దామని నీవెస్ భోజనాల దగ్గర అడిగింది. ఇది మూడో ఏడు అడగడం. బల్ల చుట్టూ అందరూ నమలడం ఆపారు.

"కాగితం రానీ. అది నీ మాటే నిజమంటే, ఈ ఇంట్లో ఇక నీ మాటే. నా మాటే నిజమంటే మాత్రం మళ్ళీ ఈ ఊసు ఎత్తకూడదు," అంది దోబ్రిల.

"సరే అత్తయ్యా," అంది నీవెస్, తల వంచుకునే.

ఆ కాగితం పట్టుకుని ఇప్పుడు నీవెస్ రేవు మెట్లు దిగి వచ్చింది. గెలిచిన మనిషి నడకలా లేదు. వైన్‌కు ఏ దోషమూ లేదని ముందు చదివింది. తరవాతి వాక్యం దగ్గర ఆగింది. చదవమని దోబ్రిల నీళ్ళలోంచే సైగ చేసింది. రుచి చూసినవారు ఎనిమిది మంది, ఎవరి అర వారిది, ఎవరి నీలి గాజు గ్లాసు వారిది, సీసా ఎవరిదో ఎవరికీ తెలియదు. కుప్పలో మగ్గి పులిసిన వాసన అని రాశారు. తిండికి పనికిరాదు, దీపాలకు వాడుకోవచ్చు అని రాశారు.

"ఎనిమిది మందీనా?"

"ఎనిమిది మందీ అత్తయ్యా."

సీసా మారిపోయి ఉంటుందేమో, నంబరు చూడమంది దోబ్రిల. నంబరు సరిగ్గానే ఉంది.

విస్కో చేతిలోని తాడు వదిలేసి, పొట్ట నిమురుకున్నాడు. "అరవై ఆరేళ్ళుగా దీపం నూనె తాగుతున్నానన్నమాట. మరి చీకట్లో గుమ్మానికి తల కొట్టుకుంటానెందుకే?"

దోబ్రిల తడి పావడాతోనే గట్టెక్కి ఇంటివైపు నడిచింది. కొట్టుగది తలుపు తీసి, రాతి తొట్టి మీది చెక్క మూత జరిపి, ముఖం లోపలికి పెట్టి గాలి పీల్చింది. ఏ తప్పూ కనిపించలేదు. అది ఇంటి వాసన. పసిపిల్లల తలలకు రాసిన వాసన, శుక్రవారాల చిక్కుడు కూర వాసన, తన చేతుల వాసన. మళ్ళీ పీల్చింది. ఆమెను భయపెట్టింది కాగితం కాదు. ఎనిమిది మంది పరాయివాళ్ళకు వెంటనే దొరికిన దోషం, ఎంత వెతికినా తన ముక్కుకు దొరకడం లేదు. కన్ను తనను తాను చూసుకోలేనట్టు ముక్కు కూడా ఒక చోట గుడ్డిదవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మరి ఇన్నేళ్ళూ తాను చూసినది దేన్ని?

వంటింట్లో పొయ్యి పక్కన పెరీన ఎండిన అత్తిపళ్ళను ఘాటు వాసన గల లారెల్ ఆకుల మధ్య పేరుస్తోంది. ఎనభై ఎనిమిదేళ్ళు. చూపు సగం పోయింది, చెవులు పూర్తిగా ఉన్నాయి. దోబ్రిల గుమ్మానికి ఆనుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలావిడ ఆ ఎనిమిది మందినీ, వాళ్ళ తల్లులనూ తిట్టిపోస్తుందనుకుంది. పెరీన ఇంకో ఆకు పరిచి, దాని మీద పండు పెట్టి నొక్కింది.

"అయితే ఎనిమిది మందీ మధ్య గిన్నెవైపే పోయారన్నమాట. నీలాగే," అంది.

దోబ్రిలకు అర్థం కాలేదు. కాలేదనే అనుకుంది. కానీ కుడిచెయ్యి తనంతట తానే పావడా మడతల్లోకి దాక్కుంది. ఆ చేతికి గుర్తుంది. పెళ్ళయిన ఆరో రోజు అది ముందుగా సాగింది మధ్య గిన్నెకే. అరక్షణం. ఆ తరవాతే కుడివైపు గిన్నెకు జరిగింది. ఆ అరక్షణం సంగతి ఆమె భర్తకు చెప్పలేదు, చర్చి పాపనివేదనలో చెప్పలేదు, కొన్నాళ్ళకు తనకు కూడా చెప్పుకోవడం మానేసింది.

"మీరు చూశారా అత్తయ్యా?"

"చూడ్డానికేగా పెట్టింది? నీ చెయ్యి మధ్య గిన్నె మీదికి పోయింది. నేను కనుబొమ్మ ఎత్తాను. నీ చెయ్యి పక్కకి జరిగింది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల పనికొస్తుందని."

"ముక్కు బావుందని కదా ఊరంతా చెప్పారు."

"ముక్కున్న పిల్లలకేం కరువే? వీధికొకత్తి ఉంది. నా మొహం చూసి చెయ్యి జరుపుకునే పిల్ల కావాలి నాకు. నాకు మా అత్త కూడా అలాగే పెట్టింది. నీకంటే తొందరగా జరుపుకున్నాను నేను."

ఆ మాటలో గర్వం ఉంది గానీ కక్ష లేదు. అందుకే దోబ్రిలకు కోపం తెచ్చుకోవడానికి కూడా ఏదీ దొరకలేదు. నలభై ఒక్క ఏళ్ళు ఏ పనికైతే తనకు తాళంచెవి ఇచ్చారనుకుందో, అది ఆ పనికి ఇచ్చింది కాదు. అడగకుండా ఉంటే బావుండునని అనుకుంటూనే అడిగింది.

"ఆ మధ్య గిన్నెలో ఏముంది?"

"ఏముంటుంది? మీ నాన్న తెచ్చిందే. పెళ్ళినాడు కాగితం చుట్టి బిరడా పెట్టిన సీసాలో తెచ్చాడు చూడు, అది."

దోబ్రిల పొయ్యి గట్టు మీద కూర్చుండిపోయింది. ఆ మరుసటేడు తండ్రి సంతకు దిగి వచ్చినప్పుడు, మన నూనె ఏం చేశారమ్మా అని అడిగాడు. అందరూ మెచ్చుకున్నారు నాన్నా అని చెప్పింది. సంతోషించి వెళ్ళాడు. ఆ వసంతంలోనే పోయాడు. ఆ తొమ్మిది చెట్లు ఇప్పుడు ఎవరి మేకలు మేస్తున్నాయో ఆమెకు తెలియదు. ఆ నూనె ఏమైందో తెలియక అబద్ధం చెప్పానని ఇన్నేళ్ళూ తనను తాను సమాధానపరచుకుంది. తెలియకపోవడమేమిటి? చేతికి తెలిసింది. చెయ్యి తన ఇంటిని గుర్తుపట్టి సాగింది. తాను కళ్ళెత్తి అత్తగారి కనుబొమ్మ చూసి దాన్ని వెనక్కు లాక్కుంది.

నీవెస్ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఆమె చూడలేదు. తెల్లవారుజామున ఒక్క బుట్ట కాయలు ఎవరికీ చెప్పకుండా అవతలి రేవు గానుగకు తీసుకుపోయి ఆడించానని, అది తప్పేనని నీవెస్ ఒప్పుకుంది. చేతిలో చిన్న సీసా ఉంది.

"మూడు గిన్నెలు పెట్టు," అంది దోబ్రిల. "మనది ఒకటి, నీది ఒకటి, అంగట్లో కొన్నది ఒకటి. ఏది ఏదో చెప్పకు. నీ మొహం నాకు కనపడకూడదు. ఆవిడదీ."

ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. వెనకనుంచి నీవెస్ ఒక్కొక్క గిన్నె అందించింది. మొదటిది అంగట్లో కొన్న నూనె. దానికి చెప్పుకోదగ్గ గుణమూ లేదు, దోషమూ లేదు. రెండోది నాలుక మీద పడగానే ఒళ్ళంతా సర్దుకుని కూర్చుంది. బావుంది. ఎప్పటిలాగే బావుంది. మూడోది పచ్చిగా, చేదుగా, నరికిన గడ్డిలా ఉంది; మింగిన క్షణం తరవాత గొంతులో మిరియంలా గుచ్చి దగ్గు తెప్పించింది. లూక్షా అలాగే దగ్గేవాడు. రొట్టె ముంచుకుని తిని, ఒక్కసారి దగ్గి, చెట్టు పలకరించిందర్రా అనేవాడు.

"ఏది బావుంది అత్తయ్యా?" నీవెస్ గొంతులో గెలుపు లేదు, భయమే ఉంది.

"రెండోది." గిన్నె వెనక్కి అందించింది. "మనదేగా అది?"

"అవును."

"ఈ మూడోది నాకు నచ్చలేదు. కానీ తెలుసు. చిన్నప్పటినుంచీ తెలుసు." ఆమె గోడవైపునుంచి తిరగలేదు. "నా నాలుక ఈ ఇంటిదైపోయిందమ్మా. దాన్ని ఇంకేం అడగొద్దు."

ఆ మాట అన్న తరవాత లేచి రేవుకు దిగింది. విస్కో గట్టు మీద కూర్చుని పొగ తాగుతున్నాడు. సంచులు ఎత్తమంది. ఇప్పుడేగా దించాం, నడుము పడిపోయిందని అతను సణిగాడు. మనవాళ్ళెవరైనా ఇలా చేశారా అన్నాడు. దించింది నేనే, ఎత్తమంటున్నదీ నేనే, వచ్చే ఏటినుంచి నీవెస్‌ని అడుగు అని ఆమె తాడు అందుకుంది. తడిసిన సంచి పొడి సంచికి రెండింతలు బరువు. మొదటిది సగం పైకి వచ్చి జారి మళ్ళీ పడింది. నీవెస్ చెప్పులు విడిచి నీళ్ళలోకి వచ్చింది. కాయలను మంచినీళ్ళతో కడిగి ఈ పూటే ఆడిస్తే పెద్దగా నష్టం ఉండదని చెప్పింది. ఉండదని ఆమెకూ రూఢిగా తెలియదని దోబ్రిలకు అర్థమైంది. ఆ అనిశ్చయం ఆ ఇంట్లో కొత్త. ఇంతకాలం అందరూ ఏదో ఒకటి తెలిసినట్టే మాట్లాడుతూ వచ్చారు.

పద్నాలుగు సంచులూ పొద్దు వాలేలోగా గానుగకు చేరాయి.

భోజనాల వేళ బల్ల మీద రెండు సీసాలున్నాయి. పెరీన తన పళ్ళెంలో పాత నూనె పోయించుకుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. విస్కో కొత్తది రుచి చూసి, గొంతు పట్టుకుని, నీళ్ళు తాగి, దీనికంటే దీపమే నయమన్నాడు. దోబ్రిల రొట్టె విరిచింది. పెరీన తలెత్తి, మసకబారిన కళ్ళతో ఆమె చేతికేసి చూసింది. కనుబొమ్మ కదిలిందో లేదో దోబ్రిల చూడలేదు. కొత్త నూనెలో రొట్టె ముంచి, నమిలి, మింగి, దగ్గింది. నచ్చలేదు. ఇంకో ముక్క ముంచింది.