రెండు, నాలుగు, ఆరు

ఈ రోజు పొద్దున్న కొట్టు నుంచి చింతపండు పొట్లం కట్టి వచ్చిన పత్రిక కాగితం విప్పి, మడతలు చదును చేసి, అలవాటుకొద్దీ చదువుతూ ఉంటే, ఢిల్లీలో పెద్దల సభ నుంచి ఈసారి కాలం ముగిసి వెళ్ళిపోతున్న సభ్యుల జాబితా కనిపించింది. రెండేళ్ళకోసారి మూడోవంతు మంది వెళ్తారు, వాళ్ళ స్థానాల్లోకి మళ్ళీ అంతమంది వస్తారు, సభ మాత్రం ఎన్నటికీ రద్దు కాదు. ఎవరికైనా అది చదివి పక్కన పడేసే వార్త. నాకు మాత్రం అరచెయ్యి చల్లబడిపోయింది. సరిగ్గా అదే సమయానికి పెరటి గట్టు మీద మా అత్తగారు, ఆ పొట్లంలోని చింతపండుతోనే రాగి చెంబు తోముతున్నారు. రేపు గురువారం. రేపు పొద్దున్న మా ఇంట్లో చీట్లు వేస్తారు.

మా వారు ఇక్కడ రాయగడలోనే ప్రభుత్వాఫీసులో గుమస్తా. ఊరికి దగ్గర్లో కొత్తగా లేస్తున్న కాగితం మిల్లు నుంచి, ఉద్యోగం ఇస్తాం రమ్మని ఆయనకు ఉత్తరం వచ్చింది. జీతం ఎక్కువే గాని, ఇంకా గోడలైనా పూర్తి కాని మిల్లును నమ్ముకుని చేతిలో ఉన్నదాన్ని వదులుకోవాలి. నాలుగు రోజులు అటూ ఇటూ ఊగాక, దేవుణ్ణే అడుగుదామన్నారు అత్తగారు. చీటీ తీసేది మా పాప. దానికి నాలుగో ఏడు నడుస్తోంది, అక్షరాలు రావు. కాబట్టి అది తీసిన చీటీ విప్పి చదవవలసింది నేను.

ఇల్లు సద్దుమణిగాక దీపం తగ్గించి ఇది రాసుకుంటున్నాను. నాకింకా పాతికేళ్ళు నిండలేదు, జ్ఞాపకాలు చెప్పుకునే వయసు కాదు. అయినా నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా ఎస్టేటు కొలువుల నీడన పుట్టి పెరిగినవాళ్ళు, ఈ భయాన్ని పోల్చుకుంటారని ఒక ఆశ.

మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ రాయగడలో జమీందారీ ఎస్టేటు కచేరీలో కుదిరారు. ఆయన తరవాత నాన్న అదే బల్ల ముందు, అదే కిటికీ పక్కన కూర్చున్నారు. తెలుగులోనూ ఒడియాలోనూ ముత్యాల్లాంటి చేతిరాత ఆయనది. నాకు పదమూడో ఏడు నడుస్తున్నప్పుడు, అంటే యాభై రెండులో, ఎస్టేటు ప్రభుత్వం పరమవుతోందని రూఢి అయింది. కొలువులో ఉన్నవాళ్ళు సర్కారు నౌకరీలోకి రావాలనుకుంటే ఫలానా సోమవారంలోగా ఒప్పుకోలు రాసి ఇవ్వాలన్నారు. నాన్నకు చూపించినది బోరిగుమ్మలో చిన్న గుమస్తా పని. పైగా ఆయన పై అధికారిగా వచ్చేది, నిన్నమొన్నటి దాకా నాన్న దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు.

ఆ ఏడే మా పక్క నుంచి ఒక పెద్ద వకీలు గారు కొత్తగా ఏర్పడిన పెద్దల సభకు ఎన్నికై ఢిల్లీ వెళ్ళారు. రాయగడలో ఆయన ఇంటి ముందు గదిలో బల్ల వేసి, వచ్చే అర్జీలు చూడటానికి, ఉత్తరాలు రాయడానికి నాన్నను రమ్మన్నారు. ఆయన సభలో ఉన్నంతకాలం ఆ పని ఉంటుంది. సభ్యుల కాలం ఆరేళ్ళు. ఆరేళ్ళంటే మా తమ్ముడు హైస్కూలు దాటతాడు, నా పెళ్ళి అవుతుంది, ఆ తరవాత సంగతి తరవాత. అంతా బాగానే ఉంది గాని, అందులో ఒక మెలిక ఉంది. మొదటిసారి కాబట్టి అందరూ ఒక్కసారే సభలోకి వచ్చారు. అందరూ ఒక్కసారే వెళ్ళిపోకూడదు కనక, ఎవరికి రెండేళ్ళు, ఎవరికి నాలుగేళ్ళు, ఎవరికి పూర్తిగా ఆరేళ్ళు అన్నది ఢిల్లీలో చీట్లు వేసి తేలుస్తారట. ఆ చీట్లు తీసేది మా సోమవారం దాటిన తరవాత.

అమ్మ మాట ఒక్కటే. "ఎవరి కింద సేస్తే ఏటండీ? నెల తిరిగేసరికి సర్కారు జీతం వస్తాది. పిల్లల మొహం సూడండి."

నాన్న పీట మీంచి లేవకుండానే అన్నారు. "నిన్నటిదాకా నా బల్ల ముందు నిలబడ్డోడు. రేపు నాను ఆడి ముందు నిలబడాలా?"

ఆ వారమంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తమ్ముడు పలక కింద పడేస్తే అందరం ఉలిక్కిపడ్డాం. మా ఇంట్లో తేలని సంగతి ఏదైనా చివరికి మామ్మ చేతికి వచ్చేది. చీట్ల మీద రాసి, పసుపు రాసి మడిచి, రాగి చెంబులో వేసి మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ పటం ముందు పెట్టి, ఇంకా పెద్దమనిషి కాని పిల్ల చేత ఒకటి తీయించేవారు. తీసిన పిల్లే విప్పి పైకి చదవాలి. వెంటనే దాన్ని మళ్ళీ మడిచి చెంబులో వెయ్యాలి. మిగిలిన చీట్లు ఎవరూ విప్పకూడదు, అన్నీ కలిపి నాగావళిలో వదిలెయ్యాలి. ఊరి చివర ఇల్లు అద్దెకు తీసుకోవాలా వద్దా అన్నప్పుడు, మామ్మ కంటి ఆపరేషనుకు విశాఖపట్నం వెళ్ళాలా అన్నప్పుడు నేనే తీశాను. రెండూ మంచికే వచ్చాయి. అందుకని మామ్మకు నా చెయ్యి అంటే గురి. ఆ ఆదివారం నాకు తలంటు పోసి, పట్టు పరికిణీ కట్టించి పటం ముందు కూర్చోబెట్టి, అందరూ వినేలా అంది. "మా అమ్మి సెయ్యి మంచి సెయ్యి. ఆ తల్లి దీని సేత అబద్ధం ఆడించదు."

నాన్న తన చేత్తోనే రాశారు మూడు చీట్లు. రెండు, నాలుగు, ఆరు. అంకెలు కాదు, అక్షరాల్లో. ఢిల్లీలో వకీలు గారికి ఏ కాలం రాబోతోందో ఆ తల్లి ముందే చెబుతుందని నమ్మకం, రెండు వస్తే బోరిగుమ్మే. చెంబులో చెయ్యి పెట్టినప్పుడు రాగి అంచు మణికట్టుకు చల్లగా తగిలింది. తీసి విప్పాను. పసుపు మరక కింద నాన్న చేతిరాతలో రెండు అని ఉంది.

తల ఎత్తాను. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పట్టుకుని నేలకేసి చూస్తోంది. నాన్న నాకేసి చూస్తున్నారు. కచేరీలో అంత గంభీరంగా ఉండే మనిషి, దెబ్బ పడబోతోందని తెలిసిన పిల్లాడిలా కళ్ళార్పకుండా చూస్తున్నారు. నాన్న భయపడగలరని అంతవరకూ నాకు తెలియదు. ఆ చూపు ఆగిపోతే చాలుననిపించింది.

"ఏటొచ్చిందమ్మీ? గట్టిగా సెప్పు," అంది మామ్మ.

ఆరు అన్నాను.

చీటీ మడిచి చెంబులో వేసేశాను. ఎవరూ చూపించమనలేదు. చూపించమని అడగాలన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ లేదు. సాయంత్రం మామ్మే స్వయంగా వెళ్ళి చీట్లు నాగావళిలో వదిలి వచ్చింది. సోమవారం వచ్చింది, వెళ్ళింది. నాన్న ఒప్పుకోలు రాయలేదు.

అప్పటినుంచి నాకు తిండి సయించలేదు. కడుపులో నొప్పి అంటే వాము నమిలించారు. పటం ముందుకు వెళ్ళడానికి భయపడి బయటినుంచే దణ్ణం పెట్టేదాన్ని. ఒక్కటే కోరిక. నేను తీసిన చీటీ తప్పు కావాలి, నేను ఆడిన అబద్ధం నిజం కావాలి.

చలి ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వేళకాని వేళలో నాన్న ఇంటికి వచ్చారు. చేతిలో టెలిగ్రాం. నాకు ఇంగ్లీషు అలవాటు కావాలని వకీలు గారి టెలిగ్రాములు నాచేత చదివించడం ఆయనకు సరదా. ఆ రోజు సరదా లేదు, అయినా కాగితం నాకే అందించి "సదువమ్మి" అన్నారు. తన నోటితో చెప్పలేక నాకిచ్చారని ఇప్పుడు అర్థమవుతోంది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. రెండేళ్ళు.

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మామ్మే విరుచుకుపడింది. "మన తల్లి ఆరని సెప్పింది. రెండనడానికి ఆ ఢిల్లీవోడెవడు? ఆడి సెంబు సరిగ్గా తోమేరో లేదో, ఏ ఎంగిలి సెయ్యి పెట్టేరో!"

నన్ను అనుమానించినా బాగుండేది. ఒక దెబ్బ వేసినా బాగుండేది. దేవతనూ నన్నూ ఒక పక్కన, ఢిల్లీని ఒక పక్కన నిలబెట్టి మామ్మ తగువాడుతుంటే, నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఎందుకంటే నా చెయ్యి తప్పు తీయలేదు. ఢిల్లీలో ఏది వచ్చిందో, రాయగడలో నా చేతికి ముందే అదే వచ్చింది. ఆ తల్లి చెప్పింది, చెప్పనిది నేను. అప్పటినుంచి అన్నం కలుపుకుంటున్నా, జడ వేసుకుంటున్నా, నా కుడిచెయ్యి ఎవరిదో పరాయి చెయ్యిలా కనిపించేది. కొన్ని నెలలకు నేను పెద్దమనిషినయ్యాను. ఇంట్లో వాళ్ళు పేరంటం చేస్తుంటే నాకు కలిగిన సంతోషం ఒక్కటే. ఇక నన్ను చీటీ తియ్యమనరు.

నాన్న పాత కచేరీకి వెళ్ళి అడిగారు. గడువు దాటిపోయిందన్నారు. రెండేళ్ళూ మేము రోజులు లెక్కపెట్టుకుంటూ బతికాం. అవి అయ్యాయి. వకీలు గారికి మళ్ళీ అవకాశం రాలేదు, ఆయన ముందు గదికి తాళం పడింది. మేము కోరాపుట్‌కి మారాం. కోర్టు ఎదుట రేకుల కప్పు కింద నాన్న అర్జీలు రాసే పనికి కూర్చున్నారు. కోరాపుట్ వాన సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, జల్లు అడ్డంగా కొడుతుంది. ఒళ్ళో చెక్కపలక, దాని మీద కాగితం, కాగితం తడవకుండా వంగిన వీపు. నాకు నాన్న అంటే ఇప్పటికీ ఆ తడిసిన వీపే గుర్తొస్తుంది. అమ్మ మాత్రం ఎప్పటిలాగే వండింది, ఉతికింది. రాగి చెంబు తోమడం ఒక్కటే మానేసింది. అది అటక మీద నల్లబడింది.

విజయనగరంలో మా మేనమామ ఇంట్లో ఉండి నేను రెండేళ్ళు కాలేజీ చదివాను. పౌరశాస్త్రం చెప్పే మాస్టారు ఒకరోజు పెద్దల సభ గురించి చెబుతూ, వరసగా మూడోవంతు మంది వెళ్ళే పద్ధతి ఎంత తెలివైనదో, సభలో అనుభవం ఎలా నిలిచి ఉంటుందో వివరించారు. మరి మొదట అందరూ ఒక్కసారే వచ్చినప్పుడు వరస ఎలా కుదిరిందని ముందు బెంచీలో అమ్మాయి అడిగింది. మన ఇళ్ళల్లో లాగే చీట్లు వేశారమ్మా అని ఆయన నవ్వితే క్లాసంతా నవ్వింది. నేను చెయ్యి కొంగు కింద దాచుకున్నాను.

ఇవాళ్టి సంగతి. మనవరాల్ని చూడటానికి కోరాపుట్ నుంచి వచ్చిన నాన్న మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతుంటే, పాపను ఎత్తుకుని బస్సు ఆగే చోటు దాకా వెళ్ళాను. పొద్దున్న చదివిన వార్త లోపల కుదురుగా ఉండనివ్వలేదు. బస్సు వచ్చేలోగా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించి, చెప్పేశాను. చెంబు, చీటీ, రెండు, ఆరు, అంతా.

ఆయన పాపకు వేరుశనగ కాయలు ఒలిచి పెడుతున్నారు. ఒలవడం ఆపలేదు. గింజ పాప చేతిలో పెడుతూ అన్నారు. "నువ్వు సీటీ తియ్యకముందే నాను తేల్చుకునేసేనమ్మి. బోరిగుమ్మ వెళ్ళకూడదనుకున్నాను. ఆ ముక్క మీ అమ్మకి సెప్పలేక ఆ తల్లి సేత సెప్పిద్దామనుకున్నాను."

మరి నేను రెండని చదివి ఉంటే అని అడిగాను.

"ఏటవుతాది? సెంబు సరిగ్గా తోమలేదని మళ్ళీ తీయించేవోణ్ణి," అని నవ్వారు. అంతలో బస్సు వచ్చేసింది.

అది నిజమో, నా కోసం అప్పటికప్పుడు అల్లిన మాటో తెలియదు. నిజమైతే పదేళ్ళు నేను మోసినది నాది కాదు. కాకపోతే, తడిసిన ఆ వీపు మీద నా బరువు కూడా ఆయనే ఎత్తుకున్నారు. ఇంటికి వచ్చి, మీ మనసులో ఏముందో చీటీ లేకుండా చెప్పండని మా వారిని అడిగాను. దేవుడేమంటాడో చూద్దామని మొహం తిప్పుకున్నారు. నిన్ననే ఆయన పెట్టెలోంచి సర్టిఫికెట్లు తీసి దుమ్ము దులపడం చూశాను. ఈయన కూడా తేల్చుకునేశారు. చెప్పడానికి ఒక నోరు కావాలి. రేపు చీటీ విప్పి తల ఎత్తితే, నాన్న చూసినట్టే నాకేసి చూస్తారు. మళ్ళీ నేను ఏమంటానో నాకే నమ్మకం లేదు. అదీ నా భయం.

ఢిల్లీలో ఇప్పుడు ఆ చీట్లతో పని లేదు. ఆరేళ్ళకని వచ్చినవాళ్ళకు వచ్చిన రోజే తాము వెళ్ళే రోజు తెలిసిపోతుంది. ఆ వరస కుదరడానికి మొదట్లో కొందరి కాలాన్ని తెంచవలసి వచ్చింది. వాళ్ళ పేర్లు ఏ కాగితంలోనైనా ఉండే ఉంటాయి. వాళ్ళతోపాటు తెగిన నాన్న కాలం ఏ జాబితాలోనూ ఉండదు.

రేపు పాప తీసిన చీటీని నేను చదవను. విప్పి, పళ్ళెంలో అందరికీ కనబడేలా పరుస్తాను. అత్తగారు నొచ్చుకుంటారు, ఇలాంటి ఆనవాయితీ ఎక్కడా లేదంటారు. నిజమే, లేదు. పదమూడేళ్ళ పిల్ల ఒక మాట అంటే, చేతిలో కాగితం చూపించమని అడగని ఇల్లు ఒకటి ఉండేది. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. నా కూతురికి రేపటినుంచి అలాంటి ఇల్లు ఉండదు.