ఐస్‌క్రీం నంబరు మీద రొయ్యల పచ్చడి

దొంగ తాను దోచిన సొత్తు మూటగట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకే వెళ్ళాడంటే నవ్వుతారు కదా? నవ్వండి. నేను చేసింది అంతకంటే ఘనకార్యం. పైగా ఆటో కట్టించుకుని మరీ వెళ్ళాను.

ఐదారేళ్ళ క్రితం మాట. ఏలూరు పక్కన వట్లూరులో మా కాపురం. నా రొయ్యల పచ్చడిని చర్చిలో నలుగురు మెచ్చుకున్నారు. తలకెక్కడానికి నలుగురు చాలరూ? మర్నాటికల్లా వాట్సాప్ స్టేటస్‌లో "సుగుణ ఇంటి రుచులు" వెలిసింది.

మావారు బడిపంతులు. రూలు కనబడితే నమస్కారం పెట్టే మనిషి.

"సుగుణా, ఇంట్లో వండి అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాలంట. ఆన్‌లైన్‌లోనే అయిపోద్దంట."

"ఏవండీ, మా అమ్మమ్మ కొల్లేటి లంకలో ఊరందరికీ చేపల పులుసు వండిపెట్టింది. ఆవిడ ఏ ఆఫీసుకి వెళ్ళిందండీ?"

"ఆవిడ అమ్మలేదు కదా."

ఇంత చిన్న చిన్న తేడాలు పట్టించుకుంటే వ్యాపారం చేసినట్టే!

ఒకరోజు ఫోను మోగింది.

"అమ్మా, ఏలూరులో మీటింగండి. నలభై భోజనాలు, మనిషికో చిన్న సీసా రొయ్యల పచ్చడి కావాలండి. లైసెన్సు ఉంది కదండీ?"

"అయ్యో, లేకుండా ఎలా అమ్ముతామండీ!"

నోరు అనేశాక చేతులు ఊరుకుంటాయా? ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం డబ్బా ఉంది. దాని మీద పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉంది. పాపం, అది అక్కడ ఊరికే పడి ఉంది. జిరాక్స్ షాపులో లేబుళ్ళు కొట్టించి నలభై సీసాలకీ అంటించాను. సీసాలన్నీ ఒక్కసారిగా డిగ్రీ పాసైనట్టు కనిపించాయి.

ఆటో అతను గిన్నెలూ సీసాలూ దింపేసి వెళ్ళిపోయాక, హాల్లో బ్యానరు చదివాను: "ఆహార భద్రతా నియమాలపై అవగాహన సదస్సు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసులో పీట వేసుకుని కూర్చున్నాను.

అధికారిణి ఒకావిడ సీసా అందుకుని, నంబరు ఫోనులో కొట్టి చూశారు. ఎంత మర్యాదగా అడిగారో!

"ఏవండీ, మీకు ఐస్‌క్రీం ఫ్యాక్టరీ ఉందా అండీ?"

"లే... లేదండి."

"మరి ఈ నంబరు ప్రకారం ఇది ఐస్‌క్రీమండి."

వలలో పడ్డ కొర్రమీనైనా కాస్త ఎగురుతుంది. నేను అదీ చేయలేదు. "రొయ్యలు మాత్రం తాజావేనండి" అన్నాను, ఎవరూ అడక్కపోయినా.

"కేసు పెడతారా అండీ?"

"నోటీసు ఎలాగూ ఇస్తామండి. ముందు స్టేజి మీదకి రండి. పాఠం చెప్పడానికి మా దగ్గర బొమ్మలే ఉన్నాయి. మీరు అసలు మనిషే దొరికారు."

అరగంట సేపు సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ పెన్నుతో చూపిస్తూ చెప్పారు: తయారీ తేదీ లేదు, బరువు లేదు, ఏం కలిపారో లేదు, ఉన్న ఒక్క నంబరూ వీరిది కాదు. నలభై మందీ శ్రద్ధగా రాసుకున్నారు. ముందు వరసలో ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు. ఆపైన అందరూ హోటల్ నుంచి భోజనం తెప్పించుకున్నారు.

గిన్నెలతో ఇంటికి చేరాను. మావారు గుమ్మంలోనే అడిగారు.

"ఎలా జరిగింది?"

"నా గురించి ప్రత్యేకంగా మాట్లాడారండి" అన్నాను. అబద్ధం కాదుగా! తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుని మొత్తం చెప్పాను. ఆయన పళ్ళెం తెచ్చుకుని, తిరిగొచ్చిన గిన్నెలోంచి పులుసు వడ్డించుకున్నారు.

ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ చేయించాను. మావారు చెప్పినట్టు ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. ఇప్పుడు నా సీసాల మీద ఉన్నది అచ్చంగా నా నంబరే. అయినా గరిట మీద చెయ్యి వేసి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు భోజనాలు అడిగినా, కూరలేంటో తర్వాత, "మీటింగు దేని గురించండీ?" అని అడగందే పొయ్యి వెలిగించను.