విదేశీ నాటకంలో అక్క మాట

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. పెనుకొండ బడిలో పంతులుగా ఉంటూ మా నాటక సమాజానికి ఓ విదేశీ నాటకాన్ని తెలుగు చేశాను. రాసినాయనది ఎక్కడో మంచు కురిసే దేశం. మా దాకా ఇంగ్లీషులో వచ్చింది. అందులో ఒక పెద్దమనిషి, ఇంట్లో అంటురోగమని తెలిస్తే పరువు పోతుందని కొడుకుకు డాక్టరును పిలిపించడు. బిడ్డ చనిపోతాడు. చివర్లో భార్య నలుగురి ముందూ ఆ సంగతి బయటపెడుతుంది. భర్త క్షమించమన్నా పలకదు. తెర పడుతుంది.

ఆడవేషాలు మగవాళ్లమే కట్టే రోజులు; భార్య వేషం నాదే. ఆమె మాటలు మాత్రం ఎంతకీ కుదరలేదు. ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చిన మా అక్క పుట్టింటికి వస్తే చదివి వినిపించాను. ఆమె బిడ్డా జ్వరమొచ్చి పోయాడు. ఆసుపత్రికి వద్దని బావ పట్టుబట్టాడు.

అక్క కాగితాలు నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"అంత పొడుగు మాటలు యాడొస్తాయిరా? 'నువ్వు వద్దంటివి, నేను ఊరకుంటిని. ఇద్దరమూ కలిసి చంపుకుంటిమి.' అంతే అను."

అదే రాసుకున్నాను.

హిందూపురంలో మొదటి ఆట. ఆ మాట అనగానే సభ బిగుసుకుపోయింది. తర్వాత ఎగతాళి ఈలలు. "మొగున్ని నిలదీసేదేమప్పా, ఇదేం ఆడది!" అంటూ ఒకాయన లేచిపోయాడు.

మరునాడు సమాజం పెద్ద నన్ను పిలిపించాడు.

"ఆ దేశంలో చెల్లుతుందేమో, ఈడ చెల్లదు. ఆ మాట తీసెయ్. ఆయమ్మ మొగుని కాళ్లు పట్టుకోవల్ల. ఒక పద్యం పెట్టు."

వేషం పోతుందని భయపడ్డాను. పద్యం రాసిందీ నేనే.

ధర్మవరం ఆటకు అక్కాబావలు వచ్చారు. అక్క ఆడవాళ్ల వైపు కూర్చోవడం తెర సందులోంచి చూశాను. అయినా భర్త కాళ్ల మీద పడి, తప్పంతా నాదేనని పద్యం ఎత్తుకున్నాను. వన్స్ మోర్ అని అరిచారు. మళ్లీ పడ్డాను, మళ్లీ పాడాను.

పొద్దున వాళ్లింట్లో బావ నా భుజం తట్టాడు. "ఆడదంటే అట్లుండల్ల," అన్నాడు, అక్క వినేలా.

ఆయన మగ్గం దగ్గరికి పోయాక అక్క అడిగింది.

"నా మాట తీసేస్తివా?"

"జనం ఒప్పుకోలేదక్కా."

"జనానికి చెప్పినానా నేను? నీకు చెప్పినా."

ఆ నాటకం చాలా ఊళ్లలో ఆడాం. మంచి పేరొచ్చింది. అక్క మాత్రం చచ్చిపోయేదాకా నా దగ్గర బిడ్డ ఊసెత్తలేదు.