అతికించిన రెండు పేజీలు

2007 ఏప్రిల్‌లో నాకు ఐదో తరగతి బి సెక్షన్ అప్పగించారు. షార్జాలో మన సిలబస్ చెప్పే ఒక ప్రైవేటు స్కూల్లో అప్పటికి నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. క్లాస్ టీచరు అంటే హాజరుపట్టీ, ప్రోగ్రెస్ కార్డులు, తల్లిదండ్రులతో మాట్లాడటం అన్నీ చూసుకోవాలి. వాటితోపాటు ఇంగ్లిషూ, జనరల్ నాలెడ్జీ చెప్పేదాన్ని. అక్కడి స్కూళ్ళలో టీచర్లకూ ప్రిన్సిపాల్‌కూ మధ్య సూపర్‌వైజర్ అనే హోదా ఒకటుంటుంది. వచ్చేవారం చెప్పబోయే పాఠాల లెసన్ ప్లాన్ గురువారం మధ్యాహ్నానికల్లా ఆవిడ బల్ల మీద ఉండాలి. ఆవిడ సంతకం పడని పాఠం క్లాసులో చెప్పకూడదు.

ఆ సంవత్సరం అదనపు వాచకంగా విదేశంలో అచ్చైన పుస్తకం ఒకటి తెప్పించారు. బయటి దేశపు పుస్తకం ఏదైనా పిల్లల చేతికి వెళ్ళేముందు స్కూలు కమిటీ ఒకసారి తిరగేస్తుంది. అందులో ‘దీపాల పండుగలు’ అని ఒక పాఠం ఉంది. దీపావళి, క్రిస్మస్, వాటి తర్వాత యూదుల పండుగ హనుక్కా. ఆ చివరి రెండు పేజీలూ అతికించి ఇవ్వమని సూపర్‌వైజర్ కాగితం మీద రాసి పంపారు. అలా చేయమని బయటినుంచి ఎవరూ చెప్పలేదు. అరబ్బు దేశంలో యూదుల మాట ఎత్తడం ఎందుకొచ్చిన గొడవ అనేదే కమిటీ ఆలోచన. నేనూ ఇంకో టీచరూ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ముప్పై నాలుగు పుస్తకాలకు జిగురు పూశాం. ఎందుకని మేమూ అడగలేదు. మా వీసాల మీద స్పాన్సరుగా ఉండేది స్కూలు పేరే. ఉద్యోగం పోతే దేశం వదలాలి. నా భర్తకు అప్పటికి పని లేదు, కాబట్టి ఇంట్లో అందరి వీసాలూ నా వీసాకే వేలాడుతున్నాయి.

నవంబరు చివర్లో ఆ పాఠం మొదలుపెట్టాను. రెండోరోజే ఇమ్రాన్ అనే పిల్లవాడు స్టీలు స్కేలుతో పేజీల మధ్య గీరి సగం విప్పేశాడు. ఏసీ గాలికి జిగురు ఎండి పెళుసుబారింది. శీర్షిక చిరిగిపోయి, తొమ్మిది కొవ్వొత్తుల దీపస్తంభం బొమ్మ, దాని కింద ‘ఎనిమిది రాత్రులు’ అన్న మాటలు మిగిలాయి.

“ఎనిమిది రాత్రులకి తొమ్మిది కొవ్వొత్తులెందుకు మేడమ్?” అని లేచి అడిగాడు.

అది సిలబస్‌లో లేదు, కూర్చో అన్నాను. టీచరుగా నేనిచ్చిన జవాబుల్లో అంతకంటే పనికిరానిది ఇంకొకటి గుర్తుకు రావడం లేదు. మర్నాటికి క్లాసులో సగం పుస్తకాలు విప్పేసి ఉన్నాయి. పేజీలు అతికించారంటే అందులో చెడ్డదేదో ఉండాలని పిల్లలు తేల్చేసుకున్నారు. ఒకరు చేతబడి అన్నారు, ఇంకొకరు హరామ్, ముట్టుకోకూడదు అన్నారు. తర్వాత అదొక ఆట అయింది. ఆ బొమ్మ ఎవరి వేలికి తగిలితే వాళ్ళు అవుట్, ఇంటర్వెల్ దాకా వాళ్ళని ఎవరూ ముట్టుకోకూడదు. నేను కేకలేస్తే ఆపేవాళ్ళు, బోర్డు వైపు తిరగగానే మళ్ళీ మొదలు.

ఆ వారంలోనే మూడో బెంచీలో కూర్చునే రేచల్ మూడుసార్లు కడుపునొప్పని స్కూలు నర్సు దగ్గరికి వెళ్ళింది. జ్వరం లేదు, ఏమీ లేదు అని నర్సు చీటీ రాసి పంపేది. ఆ పిల్ల తన పుస్తకం మీద మోచేయి ఆనించి, ఎవరూ లాక్కోకుండా కూర్చోవడం గమనించాను. అంతకు మించి ఏమీ తోచలేదు. డైరీలో రాసి తల్లిని పిలిపించాను.

బడి వదిలాక ఆవిడ వచ్చింది. భర్త ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. మేముండే రోలా ప్రాంతంలోనే, మాకు రెండు వీధుల అవతల కాపురం. పేరునుబట్టి క్రైస్తవులనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడ వరండా రెండు వైపులా చూసి, తలుపు దగ్గరికి వేసి కూర్చుంది. హిందీలో, చాలా మెల్లగా మాట్లాడింది.

“మేం యూదులం మేడమ్. కొంకణ్ వైపు వాళ్ళం. మా పూర్వీకులు గానుగాడించుకుని బతికేవాళ్ళు. శనివారం మాకు విశ్రాంతిరోజు. ఆ రోజు గానుగ ఆపేస్తారని మమ్మల్ని శనివారపు తేలీలు, అంటే శనివారపు గానుగవాళ్ళు అనేవాళ్ళు. అక్కడ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ మాత్రం ఎవరికీ చెప్పలేదు.”

రేచల్ కడుపునొప్పి ఏమిటో అప్పుడర్థమైంది. మన పండుగని జిగురేసి ఎందుకు మూసేశారని ఆ పిల్ల తల్లిని రోజూ అడుగుతోందట. జిగురు పూసింది నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఏం చేయమంటారని అడిగాను.

“ఏమీ చేయొద్దు. వేరే పాఠంలోకి వెళ్ళిపోండి, పిల్లలు మర్చిపోతారు. మా సంగతి మాత్రం ఎక్కడా ఎత్తొద్దు,” అంది. సరేనన్నాను.

వేరే పాఠంలోకి వెళ్ళాను. ఆట ఆగలేదు. డిసెంబరు మొదటివారంలో ఒకరోజు ఇంటర్వెల్ తర్వాత క్లాసులోకి వచ్చేసరికి రేచల్ గోడవారగా ఒక్కతే నిలబడి ఉంది. ఎవరో ఆ పేజీ తెచ్చి ఆమె చేతికి తాకించారు. నియమం ప్రకారం అవుట్. ఆ పిల్ల ఏడవలేదు. నన్ను చూసి తన చోటుకు వెళ్ళి కూర్చుంది. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తుంటే నాకు కుదురు లేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను.

గురువారం లెసన్ ప్లాన్‌లో ఒక వాక్యం చేర్చాను: ‘విద్యార్థుల ప్రశ్న: ఎనిమిది రాత్రులకు తొమ్మిది దీపాలెందుకు? సమాధానం, దీపావళితో పోలిక.’ రాయకుండా నోటితో చెప్పేయొచ్చు. కానీ రేపు ఎవరైనా అడిగితే దొంగతనంగా చెప్పినట్టు ఉండకూడదనిపించింది. మధ్యాహ్నం సూపర్‌వైజర్ పిలిచారు. కేరళ ఆవిడ, అక్కడ ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆ వాక్యం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. ఇది ఎవరి ఆలోచన, ఎవరైనా తల్లిదండ్రులు అడిగారా అన్నారు. లేదు, పిల్లలే అడిగారు, జవాబివ్వకపోవడంవల్ల క్లాసు చెడిపోతోంది అని ఆట సంగతి చెప్పాను. రేచల్ పేరు చెప్పలేదు. ఆవిడ ఆదివారం చెబుతానన్నారు. శుక్ర, శనివారాలు రెండూ ఆ రెండు గదుల ఫ్లాట్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. స్కూలువాళ్ళు ఉద్యోగం తీసేస్తే దేశం వదలడానికి మాకు ఎన్ని రోజులు గడువిస్తారో మా ఆయన ఒకరికిద్దరిని ఫోన్లో వాకబు చేశారు. ఆదివారం సంతకం పడింది. పక్కన, ‘ప్రశ్నకు జవాబుగా మాత్రమే. పదిహేను నిమిషాలు. బోర్డు మీద రాయరాదు’ అని ఉంది.

రేచల్ తల్లికి మాత్రం నేను చెప్పలేదు. చెబితే వద్దంటుందని నాకు తెలుసు.

సోమవారం రెండో పీరియడ్‌లో మొదలుపెట్టాను. “ఇమ్రాన్ ఆ రోజు మంచి ప్రశ్న అడిగాడు, నేనే సరైన జవాబు చెప్పలేదు,” అన్నాను. క్లాసు ఒక్కసారిగా సర్దుకుంది.

రెండువేల ఏళ్ళకు పైబడిన సంగతి అని చెప్పాను. యూదులని ఒక జాతివాళ్ళు. వాళ్ళ దేశాన్ని ఏలుతున్న రాజు, మీ దేవుణ్ణి మీరు కొలవకూడదు, నా దేవుళ్ళనే కొలవాలని ఆజ్ఞ వేశాడు. వాళ్ళ గుడిలో తన దేవుడి విగ్రహం పెట్టించాడు. కొందరు తిరగబడి, కొండల్లో దాక్కుని పోరాడి, చివరికి గుడిని తిరిగి గెలుచుకున్నారు. శుభ్రం చేసి దీపం వెలిగిద్దామంటే, మైలపడని నూనె ఒక్క చిన్న కూజాడే దొరికింది. అది ఒకరోజుకే సరిపోతుంది. కొత్త నూనె తీయడానికి ఎనిమిది రోజులు పడుతుంది. అయినా వెలిగించారు. ఆ దీపం ఎనిమిది రోజులూ వెలిగిందని వాళ్ళు చెప్పుకుంటారు. అందుకే మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అలా రోజుకొకటి పెంచుతూ ఎనిమిదో రాత్రికి ఎనిమిది.

“చమురు గుర్తుగా ఆ రోజుల్లో నూనెలో వేయించినవి తింటారు. మన గారెలూ బూరెలూ ఉన్నాయిగా, అలాంటివి. పిల్లలు నాలుగు పలకల బొంగరం తిప్పుకుంటారు,” అన్నాను.

“ఏం నూనె మేడమ్? మా అమ్మ పొద్దుతిరుగుడు నూనె వాడుతుంది,” అని ఒక పిల్ల. “ఆలివ్ నూనె” అన్నాను. “మరి తొమ్మిదోది?” అని ఇమ్రాన్ వదలకుండా పట్టుకున్నాడు.

“తొమ్మిదోది పనిదీపం. దాంతో మిగతావాటిని వెలిగిస్తారు. ఆ ఎనిమిది దీపాల వెలుగులో చదువుకోవడం, వంట చేసుకోవడం లాంటి పనులు చేయకూడదు. ఊరికే చూడాలంతే. వెలుతురు అవసరమైతే తొమ్మిదోది ఉంది. అందుకే అది మధ్యలో ఉంటుంది.”

“మధ్యలోనే ఉండక్కర్లేదు మేడమ్.” రేచల్ లేచి నిలబడింది. “పక్కన కూడా పెట్టొచ్చు. కాకపోతే కొంచెం ఎత్తులో ఉండాలి. కొవ్వొత్తులే అక్కర్లేదు కూడా. మేం గాజు గ్లాసుల్లో కొబ్బరినూనె పోసి పెడతాం. నిన్న రాత్రి ఆరు పెట్టాం. నిన్న దీపావళికిలాగే చంద్రుడు కూడా లేడు.”

ఆ రెండు వారాల్లో ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు. ముఖం వెలిగిపోతోంది. ముప్పై మూడుమంది పిల్లలు తిరిగి ఆమెనే చూస్తున్నారు.

“మీ ఇంట్లోనా?” అన్నాడు ఇమ్రాన్.

“ఊఁ.”

“బొంగరం ఉందా?”

“ఉంది. రేపు తేనా మేడమ్?”

తేవద్దన్నాను. గంట కొట్టారు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. పేజీలకు జిగురు పూసింది నేనేనన్నదీ చెప్పాను. రేచల్ తల్లి కూర్చోమనలేదు.

“నేను మిమ్మల్ని అడిగింది ఒక్కటే కదా మేడమ్,” అంది.

తప్పేనన్నాను. ఆవిడ వంటింట్లోకి దారి చూపించింది. స్టవ్ పక్కన బండమీద ఏడు గ్లాసులు, కొంచెం ఎత్తులో ఇంకొకటి వెలుగుతున్నాయి. “వీటిని కిటికీలో పెట్టాలి, దారిన పోయేవాళ్ళకి కనబడాలి. అదీ పద్ధతి. గాలికి ఆరిపోతాయని చెప్పి ఐదేళ్ళుగా నా కూతుర్ని నమ్మిస్తున్నాను. రేపటినుంచి అది ఎవరితో ఏం చెబుతుందో, వాళ్ళు ఇంట్లో ఏం చెబుతారో, ఆఫీసులో మా ఆయన పై అధికారి ముదీర్ చెవిలో ఎప్పుడు పడుతుందో. మీరు పాఠం చెప్పారు, వేరే పాఠంలోకి వెళ్ళిపోతారు. మేం ఇక్కడే ఉండాలి.”

తర్వాతి రెండు రోజులూ ఆఫీసు ప్యూను క్లాసు వైపు వస్తే చాలు, పాఠం ఆపి తలుపు వైపు చూసేదాన్ని. బుధవారం అనుకున్నంతా అయింది. ఇమ్రాన్ తండ్రి ఖాదర్ గారు వచ్చారు, సూపర్‌వైజర్ గదికి రమ్మన్నారని కబురు.

ఆయనది నిజామాబాద్. సోనాపూర్ క్యాంపులనుంచి కూలీలను సైట్లకు చేరవేసే బస్సులకు ఇన్‌చార్జి. తెల్లవారకముందే డ్యూటీ ఎక్కి, అటునుంచి అటే వచ్చినట్టున్నారు, చొక్కా నిండా దుమ్ము. సూపర్‌వైజర్ ముందు పెట్టుకున్న నా లెసన్ ప్లాన్ ఫైలు మూసీ తెరిచీ చేస్తున్నారు.

“కంప్లైంటు గాదు మేడమ్, అడిగిపోదామని వచ్చిన,” అన్నారాయన నాతో తెలుగులో. “మా వోడు తొమ్మిదో దీపం, తొమ్మిదో దీపం అని ఇంట్ల పానం తింటుండు. మీరేం చెప్పిండ్రో నాకు గూడ జర చెప్పుండ్రి.”

క్లాసులో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు.

“గింతేనా? గీ ముచ్చటకు పేజీలెందుకు అతికించిండ్రు? బంద్ పెడితెనే గద పోరగాండ్లు తెరిచి చూస్తరు.” గొంతు తగ్గించారు. “ఆ యూదుల దేశం సర్కారు చేసే పనులు నాకు పడయి మేడమ్. అది వేరే. పదేండ్ల పోరికి దాంతోని ఏం సంబంధం? గా పిల్ల పేరు మా వోడు చెప్పిండు. బైట ఎవ్వలతోని అనొద్దని వానికి గట్టిగ చెప్పిన. నేను గూడ ఎక్కడ అనలే. అందరు నా లెక్కనే ఉంటరని మాత్రం నేను చెప్పలేను. ఇగ ఖలాస్, ఈడ్నే ఆపుండ్రి.”

ఆయన వెళ్ళాక సూపర్‌వైజర్‌కి ఇంగ్లిషులో అంతా చెప్పాను. ఏ పిల్ల అని ఆవిడ అడగలేదు. ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇంకెవరూ రాలేదు. క్లాసులో ఆ ఆట సోమవారంతోనే పోయింది. ఇంటర్వెల్‌లో ఇమ్రాన్‌తో మొదలుపెట్టి నలుగురైదుగురు రేచల్ చుట్టూ చేరి బొంగరం మీద ఏ అక్షరాలుంటాయో అడిగి రాయించుకునేవారు. నర్సు దగ్గరికి ఆ పిల్ల మళ్ళీ వెళ్ళలేదు. మరుసటి ఏడు పుస్తకాల జాబితాలోంచి ఆ వాచకాన్నే తీసేశారు.

మార్చి పరీక్షలయ్యాక రేచల్ తల్లి టీసీకి దరఖాస్తు పెట్టింది. కారణం అన్నచోట ‘బదిలీ’ అని ఉంది. భర్తకు పూణేలో ఉద్యోగం దొరికిందట. దీనివల్లేనా అని అడిగాను.

“రేచల్ ఆ రోజు ఇంటికి పాడుకుంటూ వచ్చింది,” అంది. “నాకు మాత్రం ఆ రోజునుంచి నిద్ర లేదు. రెండూ నిజమే మేడమ్.”

కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చాను.

2014లో పదవీ విరమణ చేసేనాటికి నేనూ సూపర్‌వైజర్నయ్యాను. లెసన్ ప్లాన్‌లో ఏదైనా మతం సంగతి కనబడితే, ఈ పాఠం మీ క్లాసులో ఎవరింటిదైనా అవుతుందా, వాళ్ళని కలిశారా అని టీచర్లను అడిగేదాన్ని. కలవకపోతే సంతకం పెట్టేదాన్ని కాదు. ఆ తల్లిని ముందే అడిగి ఉంటే వద్దనేది, నేను చెప్పేదాన్ని కాదు, రేచల్ ఇంకొన్నాళ్ళు గోడవారగా నిలబడేది. ఆ లెక్క ఎన్నిసార్లు చూసుకున్నా నాకు తేలలేదు. పాఠం చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. కనీసం చెప్పడానికైనా ఆ ఇంటి తలుపు తట్టాల్సింది మాత్రం సోమవారం సాయంత్రం కాదు, ఆదివారం సాయంత్రం.