తలుపు వెనక విన్న మాట

పోయిన నెలలో మా వీధి మలుపులో ఆటో బోల్తా పడిన కేసులో సాక్ష్యం చెప్పడానికి కడప కోర్టుకు పోవలసి వచ్చింది. బోనెక్కి నిలబడగానే అవతలి పక్షం వకీలు, మా చిన్నమ్మాయి ఈడువాడు, మర్యాదగానే అడిగాడు: "పెద్దమ్మా, గుద్దుకునేది మీరు కళ్ళారా చూసినారా, లేకపోతే చప్పుడు విని బయటికి వచ్చినారా?" జవాబు తెలిసిందే అయినా, ఈ ప్రశ్న నాకు పాతదే కదా అని ఆ అబ్బాయి ముఖమే చూస్తూ నిలబడ్డాను. జడ్జిగారు నాకు చెవుడేమో అనుకుని ప్రశ్నను మళ్ళీ గట్టిగా అడిగించారు. చప్పుడు విన్నానండీ, వచ్చి చూసేసరికి ఆటో పడి ఉంది, అని చెప్పి దిగి వచ్చేశాను గానీ, ఇంటికి వచ్చే బస్సులో కూర్చున్నంతసేపూ నా మనసు కడపలో లేదు. సౌదీ ఉత్తరపు కొసన, ఇరాక్ సరిహద్దు దగ్గర ఎడారిలో, గాలి లేచినప్పుడల్లా ఇసుకతో నిండిపోయే ఒక గుడారంలో ఉంది. అదే ప్రశ్నను ఆ రోజుల్లో నా నోటితో నేనే ఎంతమంది ఆడవాళ్ళను అడిగానో.

గల్ఫ్ యుద్ధం సంగతి మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను సౌదీలోనే, తబూక్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును, పెళ్ళి కానిదాన్ని, ఇల్లు విడిచి వచ్చి ఎంతో కాలం కాలేదు. కిటికీ అద్దాలకు టేపులు అంటించుకుని, మంచం కింద విషవాయువు మాస్కులు పెట్టుకుని, విమానాలు లేచినప్పుడల్లా హాస్టల్లో మలయాళీలమూ తెలుగువాళ్ళమూ అని లేకుండా ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చునేవాళ్ళం. యుద్ధం తొందరగానే ముగిసింది. ఇక భయం లేదనుకున్నాకే, అవతల ఇరాక్ దక్షిణాది ఊళ్ళలో జనం తిరగబడటం, సైన్యం వాళ్ళ మీద విరుచుకుపడటం, బతికినవాళ్ళు పిల్లాజెల్లాతో సరిహద్దు దాటి ఇవతలికి రావటం జరిగాయి. వాళ్ళకోసం ఎడారిలో ఒక గుడారాల ఊరు లేచింది. అక్కడి దవాఖానాకు ఆడ నర్సులు కావాలంటే, అరబ్బీ కాస్త త్వరగా పట్టుబడిందన్న పేరు నాకుండేది కాబట్టి, నన్ను పంపించారు. ఏడ్చుకుంటూ పోయాను. ఇప్పుడు తలుచుకుంటే, నా జీవితంలో అంతగా మనుషుల మధ్య బతికిన కాలం మరొకటి లేదనిపిస్తుంది.

అక్కడే ఖాలా పరిచయమైంది. ఖాలా అంటే అరబ్బీలోనూ, మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనూ పిన్నమ్మే, అందుకే ఆ పిలుపు నా నోటికి తేలిగ్గా వచ్చేసింది. నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో దర్జీ భార్య ఆమె. పక్క గుడారంలో ఉన్నావిడ కూడా అదే ఊరు, అదే వీధి, ఎదురెదురు ఇళ్ళు. ఇద్దరూ కలిసి మట్టితో రొట్టెల పొయ్యి కట్టుకున్నారు. ఆ పొయ్యిలో చేయి కాల్చుకుని ఖాలా మొదటిసారి నా దగ్గరికి వచ్చింది. కట్టు కట్టి పంపితే, సాయంత్రానికి వేడి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి కూతురి చేత పంపించింది. ఆ తర్వాత డ్యూటీ దిగితే నా కాళ్ళు వాటంతట అవే ఆ గుడారం వైపు నడిచేవి. చిన్న గాజు గ్లాసుల్లో, సగం చక్కెరే ఉండే నల్ల టీ తాగుతూ, వాళ్ళ నది గురించి ఆమె, మా పెన్న గురించి నేను చెప్పుకునేవాళ్ళం. మా పెన్నలో ఏడాదిలో చాలాభాగం ఇసుకే ఉంటుందంటే ఆమె నవ్వి, అయితే నీకు ఇక్కడ బెంగ ఉండకూడదే అనేది.

భర్త చనిపోయాడని మాత్రం చెప్పింది గానీ, ఎలాగో చెప్పలేదు. నేనూ అడగలేదు.

అలా ఉండగా ఒక విదేశీ సంస్థ తరఫున, తల పూర్తిగా నెరిసిన ఒక వకీలమ్మ వచ్చింది. ఆ ఊళ్ళలో మామూలు జనాన్ని ఎలా చంపారో, చూసినవాళ్ళ నోటివెంట రికార్డు చేసుకుని పోవడం ఆమె పని. ఎప్పటికైనా కోర్టు కూర్చుంటుందని ఆమె నమ్మకం. దుబాసీలంతా మగవాళ్ళు, వాళ్ళ ముందు ఆడవాళ్ళు నోరు విప్పరు, అందుకని డాక్టరుగారిని అడిగి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా అరబ్బీ అంతా ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి నొప్పి అనేదాకానే. వకీలమ్మ అది చాలంది. ఆమె దగ్గరున్న టేపురికార్డరు, నేను మా అమ్మకు మాటలు నింపి పంపేదాని లాంటిదే. ఆ రోజుల్లో ఊరికి పోయేవాళ్ళెవరైనా దొరికితే మనమంతా అలా క్యాసెట్లే కదా పంపుకునేవాళ్ళం. ఆ మీటలు నొక్కుతుంటే ఇంటికి మాట్లాడుతున్నట్టే ఉండేది, వినేది మాత్రం వేరే.

ఖాలా వంతు వచ్చినప్పుడు ఆమె శుభ్రమైన అబాయా వేసుకుని, కూతురిని బయట కూర్చోబెట్టి వచ్చింది. నా భర్తను మా గుమ్మం ముందు సైనికులు కాల్చి చంపారు, నేను చూశాను, అంది. వకీలమ్మ నెమ్మదిగా ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఆయన ఒంటిమీద ఏముంది? చేతిలో ఏముంది? ఇంట్లో తుపాకీ పట్టినవాళ్ళెవరైనా ఉన్నారా? ఆ చివరి ప్రశ్నను అరబ్బీలోకి మార్చడానికి నాకు నోరు రాలేదు. మార్చాక ఖాలా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అయినా తనే చెప్పింది: అంతకుముందు మరిది తుపాకీతో వచ్చి అన్నం తిని పోయిన మాట నిజం, ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు, భర్త మెడలో కొలతల టేపు, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే చెప్పులు ఉన్నాయి అని. వకీలమ్మ తలూపి, మీరు ఎక్కడ నిలబడి చూశారు అని అడిగింది. తలుపు వెనక, అంది ఖాలా. తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా? ఖాలా అబాయా అంచును వేలికి చుట్టుకోసాగింది. అప్పుడు నేను నా సొంతంగానే అడిగాను, "చూశావా ఖాలా, విన్నావా?"

"విన్నాను," అంది. "ఆయన గొంతు విన్నాను. నేను దర్జీని, లోపల ఆడవాళ్ళున్నారు, అన్నాడు. తర్వాత తుపాకీ మోత. గడియ తీసేసరికి వీధిలో నెత్తురుంది, ఆయన లేడు, బండి పోతోంది." తిరిగి నన్నే అడిగింది: "చూడలేదంటే ఆయన చనిపోనట్టేనా, బింతీ?" బింతీ అంటే నా బిడ్డా అని.

ఆ మాటను కూడా ఇంగ్లీషులో చెప్పాను. వకీలమ్మ రికార్డరు ఆపి, తన చేతిని ఖాలా చేతిమీద పెట్టి చెప్పింది. మనిషి పోయాడన్నది ఒక్కటే కోర్టుకు చాలదు, ఆయుధం పట్టినవాడా కాదా, కాల్చిందెవరు, కాల్చమన్నదెవరు, ఇవన్నీ తేలాలి. ఒకరు చూసింది, ఒకరు విన్నది, గోడమీద తూటా గుర్తు, డాక్టరు రాసిన గాయం, ఇవి ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే ఒకచోట కలిసినప్పుడు జడ్జీలు నమ్ముతారు. విన్నదాన్ని విన్నట్టు చెబితే దాని బరువు దానికి ఉంటుంది, చూశానని చెప్పి ఆ తర్వాత కాదని తేలితే అన్నీ పోతాయి. ఖాలా కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి, విన్నది విన్నట్టుగానే చెప్పింది. మరిది సంగతి కూడా దాచలేదు.

ఇక చూసినవాళ్ళు కావాలి. ఎదురింటి కిటికీ వీధి వైపే ఉంటుంది, ఆమె తప్పకుండా చూసే ఉంటుందని ఖాలా పక్క గుడారావిడ పేరు చెప్పింది. వకీలమ్మ ఆమెను పిలిపిస్తే, నేను వంటింట్లో ఉన్నాను, ఏమీ చూడలేదు, అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ రెండు గుడారాల మధ్య మాటల్లేవు. కలిసి కట్టుకున్న పొయ్యి దగ్గర ఒకరు లేచి పోయాక ఒకరు వచ్చి రొట్టె కాల్చుకునేవాళ్ళు. మధ్యలో నేను ఎవరి దగ్గర కూర్చున్నా ఇంకొకరి వైపు చూడలేకపోయేదాన్ని.

కొన్నాళ్ళకు పక్క గుడారావిడ తలనొప్పి అని దవాఖానాకు వచ్చింది. బీపీ చూస్తుండగా, తల పక్కకు తిప్పుకుని, నేను చూశాను, అంది. కిటికీ పరదా సందులోంచి మొత్తం చూసిందట. కాల్చమని చేయెత్తిన ఆఫీసరు ఎవరో కూడా ఆమెకు తెలుసు. నిర్బంధంగా సైన్యంలోకి లాక్కుపోయిన ఆమె పెద్దకొడుకు ఇప్పటికీ అతని కిందనే ఉన్నాడు. ఆ టేపు ఏ చేతుల్లో పడుతుందో ఎవరికి తెలుసు అని ఆమె భయం. "ఆమెకు నువ్వే చెప్పు. నేను ఆమె ముఖం చూసి చెప్పలేను," అంది.

ఖాలాకు చెప్పాను. కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. చేతిలో ఉన్న పిండిని పిసుకుతూ కూర్చుంది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వకీలమ్మ దగ్గరికి పోయి, ఎదురింటావిడను మళ్ళీ పిలవొద్దు అంది. సాక్షి లేకపోతే మీ కేసు నిలబడటం కష్టమమ్మా అని వకీలమ్మ అంటే, ఖాలా ఇచ్చిన జవాబును నేను మాట పొల్లుపోకుండా చెప్పాను: "నా భర్త పోయాడు. ఆమె కొడుకు ఉన్నాడు." ఆ సాయంత్రం పిండి గిన్నె పట్టుకుని పక్క గుడారంలోకి పోయింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పొయ్యి దగ్గరికి మాత్రం ఇద్దరూ కలిసే వచ్చారు.

తర్వాత వకీలమ్మ వెళ్ళిపోయింది. ఏళ్ళు గడిచాయి. ఒక్కో కుటుంబాన్నే ఒక్కో దేశం తీసుకుంటుంటే ఖాలాకు స్వీడన్ వచ్చింది, పక్కావిడకు ఇంకెక్కడో. బస్సు ఎక్కేటప్పుడు ఖాలా నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, మంచులో మనుషులెలా బతుకుతారే అంది. నేను జెద్దాకు మారాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లలు పుట్టారు. పండగకు ఆమె నుంచి కార్డు వచ్చేది. బాగ్దాదులో ప్రభుత్వం కూలిపోయిందని టీవీలో చూసిన రోజు, మా ఆయన వార్తలు చూస్తుంటే నేను రెండు గుడారాల గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత చాలా కాలానికి ఖాలా ఉమ్రా యాత్రకు వచ్చి మదీనా నుంచి ఫోను చేసింది. బస్సులో పరిగెత్తాను. చేతికర్ర వచ్చింది, చూపు తగ్గింది, పక్కన ఉన్న మనవరాళ్ళు నాకు తెలియని భాషలో మాట్లాడుకుంటున్నారు. హోటలు గదిలో మంచం మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ప్రభుత్వం పడిపోయాక కోర్టు కూర్చుందే, సాక్ష్యం చెప్పడానికి నేను పోయాను, అని చెప్పింది. పక్కావిడ కూడా వచ్చిందట. ఆమె కొడుకు క్షేమంగా ఉన్నాడు. పరదా చాటున నిలబడి తను చూసింది, ఆఫీసరు ఎవరన్నది, అంతా చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు నోరు విప్పలేదని అవతలి వకీలు అడిగితే, అప్పుడు నా కొడుకు వీళ్ళ చేతిలో ఉన్నాడు, నన్ను అడగొద్దని ఈ దర్జీ భార్యే చెప్పింది, అందట. ఏళ్ళతరబడి పక్కపక్క గుడారాల్లో ఉన్నవాళ్ళు, కలిసి అల్లుకున్న కథ ఇది అని ఆ వకీలు వాదించాడు. అప్పుడు పాత క్యాసెట్టు వేశారు. నేను దర్జీని, లోపల ఆడవాళ్ళున్నారు అన్న మాట, పక్కావిడ ఎవరితోనూ నోరు విప్పక ముందే ఖాలా గొంతుతో అందులో ఉంది, కిటికీ నుంచి తను విన్నానని పక్కావిడ కోర్టులో చెప్పిందీ అదే మాట. కథే అల్లుకుని ఉంటే దర్జీ భార్య కూడా చూశానన్న మాట మీదే నిలబడి ఉండేది కదా, అన్నాడట జడ్జి.

ఆఫీసరుకు శిక్ష పడింది. దర్జీ ఎముకలు మాత్రం దొరకలేదు.

"క్యాసెట్లో నీ గొంతు కూడా వచ్చింది," అంది ఖాలా. "చూశావా, విన్నావా అని. నీ వంకర అరబ్బీకి వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. నాకు ఏడుపొచ్చింది." అని నా చేయి వదలకుండా అలాగే కూర్చుంది. అదే ఆఖరు చూపు. ఆమె పోయిన సంగతి మనవరాలు ఫోనులో, మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

ఇప్పుడు ఆ శిబిరం లేదట. గుడారాలు ఎత్తేశారు, గోడలు కూలగొట్టారు, మిగిలింది ఇసుకే అంటారు. ఆ మనుషులు ప్రపంచమంతా చెదిరిపోయారు, వాళ్ళ పిల్లల పిల్లలకు ఆ చోటు పేరైనా తెలుసో లేదో. నాకు మాత్రం రొట్టె కాలే వాసన, గాలికి కొట్టుకునే గుడారపు గుడ్డ, ఒకరి మోకాలు ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుని తాగిన టీ, ఇవే గుర్తొస్తాయి. ఈ ఊళ్ళో ఇంత పెద్ద ఇంట్లో, ఎవరి గదిలో వాళ్ళుండే ఈ రోజుల్లో, ఒక్కసారి వాళ్ళంతా మళ్ళీ అక్కడ చేరితే, పోయి మధ్యలో కూర్చోవాలనిపిస్తుంది. అనిపించగానే సిగ్గేస్తుంది. నాకు అంత మంచివైన రోజులు వాళ్ళకు ఎంత చెడ్డవో వాళ్ళ నోటితోనే విన్నదాన్ని. వాళ్ళు తిరిగి ఆ ఇసుకలోకి రావాలని ఎలా కోరుకుంటాను? అయినా సాయంత్రమయ్యేసరికి కోరుకుంటూనే ఉంటాను.