తిరిగే దిక్కు

ఆఫీసులో పెద్ద కంప్యూటరును ఆపి మళ్ళీ ఆన్ చేసినప్పుడు, లోపలి ఫ్యాను ముందు గొణిగి, తర్వాత బుసకొడుతూ వేగం అందుకుంటుంది. ఆ చప్పుడు వింటే నా అరచేతులు చల్లబడతాయి. కంప్యూటరును అడుగునుంచి నడిపే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దాన్ని తీసి కొత్తది పెట్టడం, పెట్టాక ఎప్పుడో రాసిన పాత ప్రోగ్రాములన్నీ మునుపటిలాగే నడిచేలా చూడటం నా ఉద్యోగం. "ఇంత భయమేంటి సార్?" అని కుర్రవాళ్ళు నవ్వుతారు. ఇది నాకు పుట్టుకతో వచ్చిన భయం కాదు. గుడివాడ రైసుమిల్లులో దేవసహాయం గారి దగ్గర నేర్చుకున్నది.

అరవైల నాటి మాట. డిప్లొమా పూర్తిచేసి, బందరు నుంచి వెళ్ళి ఆ మిల్లులో చేరాను. దేవసహాయం గారు అక్కడి ఇంజనీరు, నాకు పై అధికారి. నాగాయలంక మనిషి. స్విచ్చు వేసేముందు ఆయన పెదవులు కదిలేవి; ప్రార్థనే అనుకుంటాను. వెనకాల అందరూ ఆయన్ని పిరికిగొడ్డు అనేవాళ్ళు. ఆ ఏడాది మిల్లులో పాత ఆయిల్ ఇంజను పీకేసి కరెంటు మోటారు బిగించారు. మిగతా మెషీన్లన్నీ పాతవే. పైన ఒకే పొడుగాటి షాఫ్టు తిరుగుతూ, బెల్టులతో కింద ఉన్న మెషీన్లన్నిటినీ, అంటే పొట్టు తీసే హల్లరునీ, జల్లెడనీ, ధాన్యం పైకెత్తే ఎలివేటరునీ తిప్పేది. మోటారుది ఇంజను కన్నా చాలా ఎక్కువ వేగం. ఆ వేగంతోనే ఆడించమని మిల్లు యజమాని షావుకారు గారు పట్టుబట్టారు. దేవసహాయం గారు వినలేదు. బెల్టులు నడిచే కప్పీల కొలతలు మార్చి షాఫ్టును పాత వేగానికే తెచ్చారు.

"ఇంజను పోయి మోటారొచ్చిందని ఆ హల్లరుకి తెలీకూడదయ్యా," అన్నారు నాతో. "తెలిసిందంటే మనం చెడగొట్టినట్టే."

కొన్నాళ్ళకు గాలివాన వచ్చి కరెంటు తీగలు తెగిపడ్డాయి. లైనువాళ్ళు బాగుచేసి వెళ్ళారు. స్టేషనులో వ్యాగను బియ్యం కోసం ఆగి ఉంది. తవుడు ఎత్తే రత్తమ్మ చేట పట్టుకుని జల్లెడ మెషీను పక్కన ఎప్పటిలాగే నిలబడింది. దేవసహాయం గారు మాత్రం మోటారుకూ షాఫ్టుకూ మధ్యనున్న పెద్ద బెల్టు తీయించారు.

"మళ్ళీ ఈ తంతేంటండీ? వ్యాగను వెళ్ళిపోతుంది," అన్నారు షావుకారు గారు.

"బెల్టు ఉండగా స్విచ్చు వెయ్యలేనండీ. నాకు భయమండీ."

"మీకు భయం లేందెప్పుడండీ?"

ఆయన స్విచ్చు వేశారు. మోటారు ఒక్కటే తిరిగింది, వెనక్కి. మూడు తీగల్లో రెండు తారుమారైతే కరెంటు మోటారు అటుది ఇటు తిరుగుతుంది. ఆయిల్ ఇంజనుతో అలాంటి బాధ ఎన్నడూ లేదు. ఆయన వెంటనే ఆపేశారు. షాఫ్టు వైపు చూసి, కింద జల్లెడ దాకా చూసి, ఉన్నట్టుండి పాలిపోయారు.

"రత్తమ్మా, నువ్వెప్పుడూ ఆ పక్కనే ఎందుకు నిలబడతావమ్మా?"

"అటుపక్కైతే బెల్టు కొంగు లాగేసుద్దండీ. ఇటుపక్క లాగదండీ," అందామె, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె వైపు బెల్టు కప్పీని వదిలి పైకి వెళ్ళేది. వెనక్కి తిరిగితే అదే చోట పైనుంచి దిగి, కొంగుతో సహా ఆమెను కప్పీ కిందికి ఈడ్చుకుపోయేది.

దేవసహాయం గారు బస్తా మీద కూలబడ్డారు. "ఎలివేటరు విరుగుతుందేమోనని భయపడ్డానయ్యా, అంతే. ఈవిడ సంగతి నాకసలు తట్టనేలేదు," అన్నారు. రత్తమ్మ బతికింది ఆయన తెలివి వల్ల కాదు, ఆయన భయం వల్ల. ఆ తర్వాత మిల్లులో ఏ చిన్న మార్పు చేయాలన్నా, ఆయన ముందు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఎక్కడ నిలబడతారో, ఎందుకో అడిగేవారు. ఆయన వెనక నేనూ తిరిగేవాణ్ణి.

ఆయన పోయి చాలాకాలమైంది. నేనూ మిల్లు వదిలి కంప్యూటర్ల పనిలోకి వచ్చి, రిటైరయ్యే వయసుకు చేరాను. ఇప్పటికీ నేను ఏది మార్చాల్సివచ్చినా, దాంతో రోజూ పనిచేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుంటాను. ఎలా వాడుతున్నారో, అలాగే ఎందుకు వాడుతున్నారో అడుగుతాను. అంతా అడిగాక కూడా, నేను అడగకుండా వదిలేసిన మనిషి ఒకరు ఎక్కడో, నిన్న ఎలా తిరిగిందో ఈ రోజూ అలాగే తిరుగుతుందనుకుని, తన చోట తాను నిలబడి ఉంటారని భయపడుతూనే ఉంటాను.