గాలి అని రాస్తే

మా అన్న అళగిరిసామికి ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. పోదనూరు రైల్వే కాలనీ పక్కన రేకుల షెడ్డులో బైకులు బాగుచేసేవాడు. కార్బురేటర్ విప్పేటప్పుడు అందరికీ వీపు తిప్పేవాడు. పక్క షెడ్డువాళ్ళకు అర్థం కాకూడదని, బండిలోని లోపాన్ని ట్యాంకుమీద సుద్దముక్కతో తెలుగులో రాసుకునేవాడు. తెలుగంటే మేం ఇంట్లో మాట్లాడేదే. అక్షరాలు మాత్రం తమిళానివి. బడిలో మాకు నేర్పినవి అవే.

కొబ్బరికాయల వ్యాపారి కందసామిదీ తెలుగిల్లే. ఆయన పాత బండి యాక్సిలరేటర్ తిప్పితే నసిగి, నల్లపొగ కక్కి, ఆ తర్వాతే కదిలేది. పెట్రోలు నిలిచేది కాదు. తాగేది బండి కాదు, మెకానిక్కేనని ఆయన అనుమానం.

ఆ మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకెళ్ళేసరికి ఆయన ట్యాంకుమీది రాత చూపిస్తూ అరుస్తున్నాడు.

"చూడు పాపా, మీ అన్నే రాసిపెట్టినాడు, 'కాలి' అని! ట్యాంకు ఖాళీ చేసి దానిమీదే రాసేంత తిమిరా, పొగరా?"

తమిళంలో ఖాళీని 'కాలి' అంటారు; క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అన్న రాసింది 'గాలి'.

వీధిలో జనం ఆగారు. పక్క షెడ్డు మెకానిక్ పళ్ళికిలించాడు. దొంగ అనే పేరు కాలనీ దాటితే ఇక మా షెడ్డుకు ఎవడూ బండి తేడు.

"అది గాలి, మామా. గాలి చాలక పెట్రోలు ఎక్కువ పోతుండాది," అన్నాడు అన్న.

"మాట మార్చొద్దప్పా!"

అన్న ప్లగ్గు విప్పి ఆయన చేతిలో పెట్టాడు. వేళ్ళకు మసి అంటింది.

"మీ పెట్రోలు ఇదే. తుడుచుకోండి."

అప్పుడు, మొదటిసారిగా, అందరి ముందూ కార్బురేటర్ విప్పాడు. పెట్రోలు తక్కువ వచ్చేలా లోపలి సూదిని ఒక మెట్టు దించాడు. ఇంజన్ వేడెక్కనిచ్చి, చప్పుడు వింటూ గాలి స్క్రూను కొంచెం కొంచెంగా వదులు చేశాడు. పక్క షెడ్డువాడు మెడ చాచి అంతా చూశాడు.

కందసామి అప్పటికీ నమ్మలేదు. బండెక్కి కినత్తుకడవు ఊరి దాకా పోయొచ్చాడు. అంతసేపూ అన్న క్యారియరు మూత తీయలేదు. ఆయన దిగి ట్యాంకులోకి తొంగిచూశాడు, పొగ వాసన చూశాడు. అన్న రాత తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీరా. అడిగినోళ్ళకు నేనే చదివి చెప్తా."

సుద్ద చెరిగాక పెయింటుతో రాయించుకున్నాడు. పోయినేడు అన్న చనిపోయినప్పుడు సాగనంపడానికీ ఆ బండిమీదే వచ్చాడు. ఎవరో ట్యాంకు చూసి, "కాలియా?" అని అడిగారు.

ఆయన అక్షరాలమీద వేలు పెట్టి, "గాలి," అని చదివి చెప్పాడు.